అన్నం మానేస్తే బరువు తగ్గుతామా?

1. రేవులో ఏం జరిగింది?

కృష్ణా డెల్టాలో ఒక ఊరు. ఊరి చివర కాలువ ఉంది. కాలువ గట్టున లక్ష్మమ్మ ఇల్లు. ఇలాంటి లక్ష్మమ్మ మన ఊళ్లన్నిటిలోనూ ఉంటుంది.

లక్ష్మమ్మకు 46 ఏళ్లు. పదేళ్ల కిందటి వరకు కూలికి వెళ్లేది. నాట్లు వేసేది. కలుపు తీసేది. కోతలు కోసేది. తర్వాత మోకాళ్ల నొప్పులు వచ్చాయి. కూలి పని మానేసింది. ఇంటి అరుగు మీద చిన్న చిల్లర కొట్టు పెట్టుకుంది. పొద్దుటి నుంచి రాత్రి దాకా కొట్లోనే కూర్చుంటుంది.

ఒళ్లు పెరిగింది. ఆమె ఎత్తు 5 అడుగులు. బరువు 72 కిలోలు. రెండేళ్ల కింద షుగరు జబ్బు బయటపడింది. బిళ్లలు రాసి ఇచ్చారు. రోజూ పొద్దున్నే వేసుకుంటుంది.

"బరువు తగ్గాలమ్మా" అన్నాడు డాక్టరు. ఎలా తగ్గాలో అడుగుదామని లక్ష్మమ్మ నోరు తెరిచింది. వెనక వరసలో ఇంకా నలభై మంది ఉన్నారు. అడక్కుండానే వచ్చేసింది.

ఒకరోజు పక్కింటి సుబ్బమ్మ కొట్టుకు వచ్చింది.

"వదినా! అన్నమే మన కొంప ముంచుతోందంట. మా మనవడు ఫోన్లో చూపించాడు. అన్నం మానేస్తే నెలకి పది కిలోలు తగ్గుతారంట" అంది.

"మరి ఏం తినాలంట?" అడిగింది లక్ష్మమ్మ.

"ఏమో! అన్నం మాత్రం ముట్టుకోకూడదంట."

లక్ష్మమ్మ ఆ మర్నాడే అన్నం మానేసింది. పొద్దున టీ. మధ్యాహ్నం మజ్జిగ. రాత్రి రెండు దోసకాయ ముక్కలు. వారం తిరిగేసరికి 2 కిలోలు తగ్గింది. మనిషి మురిసిపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున బిళ్ల వేసుకుంది. టీ తాగింది. బట్టలు తీసుకుని రేవుకు వెళ్లింది. రెండు చీరలు ఉతికేసరికి చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. కళ్లు మసకబారాయి. మెట్ల మీద కూలబడిపోయింది. పక్కనున్న ఆడవాళ్లు రెక్క పట్టుకుని పైకి లాగారు. ఇంకొక్క మెట్టు జారితే నీళ్లలోకే!

నర్సమ్మకు కబురు వెళ్లింది. ఆమె వచ్చి లక్ష్మమ్మ వేలి చివర రక్తం తీసి చూసింది. షుగరు 52 ఉంది. షుగరు మందు వాడేవాళ్లకు అది 70కి తగ్గితే ప్రమాదం.

లక్ష్మమ్మకు తెలివి ఉంది. మింగగలదు. నర్సమ్మ గ్లాసు నీళ్లలో 3 చెంచాల పంచదార కలిపి తాగించింది. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూసింది. 88కి వచ్చింది. అప్పుడు కోడలు సుజాత చేత నాలుగు ముద్దలు పెరుగన్నం తినిపించింది.

"అత్తయ్యా! మాకు చెప్పకుండా ఇంత పని చేశారా?" అని సుజాత కళ్లనీళ్లు పెట్టుకుంది.

"తప్పు ఆమెది కాదమ్మా. సగం మాట చెప్పినవాళ్లది. శనివారం పొదుపు సంఘం మీటింగు ఉందిగా. నేను వస్తాను. మిగతా సగం అక్కడ మాట్లాడుకుందాం" అంది నర్సమ్మ.

2. ఒంటికీ ఒక పొదుపు పుస్తకం ఉంది

శనివారం సాయంత్రం పదిహేను మంది కూడారు. నర్సమ్మ సంఘం పొదుపు పుస్తకం చేతిలోకి తీసుకుంది.

"ఇందులో ఏముంటాయి?" అని అడిగింది.

"జమ, ఖర్చు, నిలవ" అన్నారు అందరూ.

"మన ఒంటికీ ఇలాంటి పుస్తకమే ఉంది. తిన్నది జమ. పని చేస్తే ఖర్చు. ఊపిరి పీల్చినా, గుండె కొట్టుకున్నా ఖర్చే. జమ ఎక్కువైతే మిగిలింది ఒంట్లో కొవ్వుగా నిలవ ఉంటుంది. బరువు పెరుగుతాం. ఖర్చు ఎక్కువైతే ఆ నిలవ కరుగుతుంది. బరువు తగ్గుతాం."

డబ్బును రూపాయల్లో లెక్కపెడతాం. తిండిలోని శక్తిని కేలరీల్లో లెక్కపెడతారు. శక్తినిచ్చే తిండి ముఖ్యంగా మూడు రకాలు.

పిండి పదార్థాలు: అన్నం, రొట్టె, జొన్నలు, రాగులు, దుంపలు, పంచదార, బెల్లం. ఒక గ్రాము పిండి పదార్థంలో 4 కేలరీలు ఉంటాయి.

మాంసకృత్తులు: ఇవి పప్పులు, గుడ్డు, చేప, మాంసం, పాలలో ఉంటాయి. ఒక గ్రాములో 4 కేలరీలు.

కొవ్వు పదార్థాలు: నూనె, నెయ్యి, వెన్న. ఒక గ్రాములో 9 కేలరీలు.

"చూశారా? పిండిలోనూ మాంసకృత్తుల్లోనూ గ్రాముకు ఒకటే లెక్క. నూనెలో రెండింతల పైన" అంది నర్సమ్మ.

3. ఆ రెండు కిలోలు ఎక్కడికి పోయాయి?

"మరి అన్నం మానేస్తే వారంలో 2 కిలోలు తగ్గానుగా?" అడిగింది లక్ష్మమ్మ.

"తగ్గిన మాట నిజమే. కానీ అందులో చాలా భాగం నీరు."

మన కాలేయంలోనూ కండల్లోనూ కొంచెం పిండి పదార్థం దాచి ఉంటుంది. దాన్ని గ్లైకోజెన్ అంటారు. అంతా కలిపితే సుమారు అర కిలో ఉంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో సుమారు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం మానగానే ఒళ్లు ఈ నిలవను వాడుకుంటుంది. దాంతో ఉన్న నీరు మూత్రంలో పోతుంది. తూకంలో బరువు చకచకా దిగుతుంది. కొవ్వు మాత్రం అంత తొందరగా కరగదు.

సుబ్బమ్మ తల ఊపింది. "నాకూ అంతే అయింది. పది రోజుల్లో 3 కిలోలు తగ్గాను. సంక్రాంతికి నాలుగు రోజులు అన్నం తిన్నాను. 3 కిలోలూ తిరిగి వచ్చేశాయి."

"పోయింది నీరు. వచ్చిందీ నీరే" అంది నర్సమ్మ.

4. కొర్రలు తింటే తగ్గాలి కదా?

వెనక కూర్చున్న రత్తమ్మ లేచింది.

"నేను బియ్యం మానేసి మూడు నెలలైంది. పొద్దున రాగి సంకటి, మధ్యాహ్నం కొర్రన్నం, రాత్రి చపాతీలు. వంద గ్రాములు కూడా తగ్గలేదు. కొర్రలు బియ్యం కంటే ఖరీదు. డబ్బూ పోయింది."

"ఎంత తింటున్నావు?"

"ఇదివరకు అన్నం ఎంత తిన్నానో అంతే."

నర్సమ్మ పలక మీద రాసింది. 100 గ్రాముల్లో ఎన్ని కేలరీలు ఉంటాయో చూడండి. ఇవి సుమారు లెక్కలు.

బియ్యం: 350
జొన్నలు: 335
గోధుమ పిండి: 330
కొర్రలు: 330
రాగులు: 320
కందిపప్పు: 330
పంచదార: 400
వేరుశనగ గుళ్లు: 500 పైన
నూనె: 900
సొరకాయ, బీరకాయ, దోసకాయ: 20 లోపు

"బియ్యానికీ కొర్రలకీ 20 కేలరీలే తేడా! అయితే అవి తినడం వృథాయేనా?" అంది రత్తమ్మ.

"వృథా కాదు. కొర్రల్లో, రాగుల్లో పీచు ఎక్కువ. రాగుల్లో సున్నం కూడా ఎక్కువ. ఎముకలకు మంచిది. తినడం మంచిదే. కానీ గింజ మార్చినంత మాత్రాన బరువు తగ్గం. పళ్లెంలో రాశి తగ్గాలి."

మన దేశంలో షుగరు జబ్బు మీద ఐ.సి.ఎం.ఆర్. - ఇండియాబ్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2025లో దాని ఫలితాలు కొన్ని అచ్చయ్యాయి. అందులోనూ ఇదే తేలింది. బియ్యం బదులు గోధుమ పిండో చిరుధాన్యాల పిండో తిన్నా, మొత్తం పిండి పదార్థం తగ్గకపోతే షుగరు జబ్బు ముప్పు తగ్గలేదు.

5. పిండి తగ్గించాలా? నూనె తగ్గించాలా?

"మా అల్లుడు అన్నం పూర్తిగా మానేశాడు. కొబ్బరినూనె తాగాడు. గుడ్లు, మాంసం తిన్నాడు. రెండు నెలల్లో 8 కిలోలు తగ్గాడు. దానికేమంటారు?" అడిగింది సుబ్బమ్మ.

2017, 2018లో తెలుగు ఊళ్లలో ఈ పద్ధతికి బాగా ప్రచారం వచ్చింది. చాలామంది చేశారు.

"ఇప్పుడెలా ఉన్నాడు మీ అల్లుడు?"

"ఇప్పుడా! మొదట్లో ఎంత ఉన్నాడో అంతకీ వచ్చాడు. రోజూ మాంసం కొనలేకపోయాడు. విరోచనం కాక ఇబ్బంది పడ్డాడు. పెళ్లిళ్లలో అందరూ తింటుంటే చూస్తూ కూర్చోలేకపోయాడు. మానేశాడు."

"ఆయన తగ్గిన మాట నిజం. ఆ తగ్గడం నిలవలేదన్న మాటా నిజం" అంది నర్సమ్మ. తర్వాత ఒక సంగతి చెప్పింది.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ అనే విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పరిశోధకులు 609 మంది లావుపాటి వాళ్లను తీసుకున్నారు. రెండు జట్లు చేశారు. ఒక జట్టు పిండి పదార్థాలు తగ్గించి తిన్నది. రెండో జట్టు కొవ్వు పదార్థాలు తగ్గించి తిన్నది. పంచదార, మైదా తగ్గించమని, కూరగాయలు ఎక్కువ తినమని రెండు జట్లకూ చెప్పారు. ఏడాది గడిచింది. బరువులు తూచారు. 2018లో ఫలితం అచ్చయింది.

పిండి తగ్గించిన జట్టు సగటున 6 కిలోలు తగ్గింది. కొవ్వు తగ్గించిన జట్టు సగటున 5 కిలోల 300 గ్రాములు తగ్గింది. ఇది లెక్కలోకి వచ్చే తేడా కాదన్నారు పరిశోధకులు. రెండు జట్లలోనూ బాగా తగ్గినవాళ్లున్నారు. తగ్గనివాళ్లున్నారు. పెరిగినవాళ్లూ ఉన్నారు.

"అంటే ఏ దారిన పోయినా ఒకటే. మొత్తం జమ తగ్గాలి. నెలల తరబడి చేయగలిగిన పద్ధతి కావాలి. అంతేనా?" అంది సుజాత.

"అంతే. బాగా పట్టుకున్నావు!"

6. అయితే అన్నం ఎందుకు తగ్గించాలి?

"మరి నేను అన్నం తగ్గించక్కర్లేదా?" అంది లక్ష్మమ్మ.

"తగ్గించాలి. అన్నం చెడ్డదని కాదు. నీ పళ్లెంలో అదే ఎక్కువ ఉంది. ఖర్చు తగ్గించాలంటే పెద్ద పద్దునే కదా ముందు చూస్తాం!"

మన దేశంలో సగటున తిండిలోని శక్తిలో 100కి 62 పాళ్లు పిండి పదార్థాల నుంచే వస్తోంది. ఇది కూడా ఇండియాబ్ అధ్యయనంలో తేలింది. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఎవరెంత తినాలో చెప్పేది ఆ సంస్థే. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 100కి 45 పాళ్లు దాటకూడదని 2024లో ఆ సంస్థ చెప్పింది.

పని లెక్క కూడా ఉంది. 55 కిలోల బరువున్న ఆడమనిషికి రోజుకు ఎంత శక్తి కావాలి?

కూర్చుని పని చేస్తే: 1660 కేలరీలు
మధ్యరకం పని చేస్తే: 2130 కేలరీలు
కాయకష్టం చేస్తే: 2720 కేలరీలు

"లక్ష్మమ్మా! నాట్లు వేసే రోజుల్లో నీకు 2720 దాకా ఖర్చయ్యేది. ఇప్పుడు కొట్లో కూర్చుంటున్నావు. రోజుకు ఎన్ని తగ్గాయి?"

సుజాత పలక మీద తీసివేసింది. 2720లో 1660 పోతే 1060.

"అంటే సుమారు 300 గ్రాముల బియ్యంలో ఉన్న శక్తి. పొలం పని పోయింది. ఆ పనికి తినే అన్నం మాత్రం పోలేదు. పదేళ్లుగా అది నిలవ అవుతోంది."

లక్ష్మమ్మ ఒక్కతే కాదు. అందరూ ఆలోచనలో పడ్డారు. ఊళ్లో నాట్లకు యంత్రం వచ్చింది. కలుపుకు మందు వచ్చింది. రోలు పోయి మిక్సీ వచ్చింది. బావి పోయి కుళాయి వచ్చింది. ఒంటికి సుఖమే. కానీ పళ్లెం పాత పళ్లెమే.

7. లక్ష్మమ్మ లెక్క

నర్సమ్మ, సుజాత కలిసి లక్ష్మమ్మ తిండి లెక్క కట్టారు. ఇది ఆమె అన్నం మానక ముందు తిన్న తిండి.

బియ్యం రోజుకు 500 గ్రాములు. 5 × 350 = 1750 కేలరీలు.

టీ రోజుకు 4 సార్లు. ఒక్కో టీలో 2 చెంచాల పంచదార. మొత్తం 8 చెంచాలు. చెంచాకు 20 కేలరీలు. 8 × 20 = 160 కేలరీలు.

ఇంట్లో నలుగురు. నెలకు 5 కిలోల నూనె. ఒక్కొక్కరికి రోజుకు సుమారు 42 గ్రాములు. సుమారు 375 కేలరీలు.

మొత్తం: 1750 + 160 + 375 = 2285 కేలరీలు.

"పప్పు, కూర, పాలు ఇందులో కలపనే లేదు!" అంది సుజాత.

"నేను అంత అన్నం తింటానా?" లక్ష్మమ్మ నమ్మలేకపోయింది.

సుజాత కొంచెంసేపు ఊరుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"అందరూ తిన్నాక మీరు కూర్చుంటారు అత్తయ్యా. అప్పటికి పప్పు అయిపోతుంది. కూర అడుగంటుతుంది. మిగిలేది అన్నమే. పారేయడం ఎందుకని అదంతా పచ్చడితో కలుపుకు తింటారు. నేనూ అంతే."

ఎవ్వరూ మాట్లాడలేదు. అది ఒక్క లక్ష్మమ్మ ఇంటి సంగతి కాదు.

"ఇదే అసలు జబ్బు" అంది నర్సమ్మ. "పప్పు, గుడ్డు మగవాళ్లకి. అడుగు అన్నం ఆడవాళ్లకి. అందుకే ఒకే మనిషికి ఒళ్లు లావూ, రక్తం తక్కువా రెండూ ఉంటున్నాయి. అందరూ ఒకసారే కూర్చోండి. పప్పు సమంగా పంచుకోండి. బియ్యం కొలిచి ఎసట్లో పోయండి. మిగలకపోతే మిగిలింది తినే పనే ఉండదు."

8. అన్నం తగ్గితే ఆకలి వేయదా?

"పప్పులోనూ 330 కేలరీలే అన్నారు. అన్నం తగ్గించి పప్పు తింటే లాభమేమిటి?" అడిగింది రత్తమ్మ.

మంచి ప్రశ్న. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు. పప్పులో పీచు కూడా ఎక్కువ. మాంసకృత్తులు, పీచు ఉన్న తిండి తింటే కడుపు నిండుగా ఉంటుంది. తొందరగా ఆకలి వేయదు. అందువల్ల మొత్తం మీద తక్కువ తింటాం. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కూడా మాంసకృత్తులు కాపాడతాయి.

కూరగాయలు, ఆకుకూరలు కడుపును నింపుతాయి. వాటిలో కేలరీలు చాలా తక్కువ. అయితే నూనెలో వేయించితే లెక్క మారిపోతుంది. 1 చెంచా నూనెలో 45 కేలరీలు ఉంటాయి.

"రేషను బియ్యం ఇంటికి వస్తాయి. పప్పు కొనాలి. డబ్బులేవి?" అన్నారు ఒకరిద్దరు.

సుజాత అందుకుంది. "నెలకు ఒకటిన్నర కిలో నూనె, కిలోన్నర పంచదార తగ్గిద్దాం. ఆ డబ్బుతో పప్పు వస్తుంది. మునగాకు పెరట్లోనే ఉంది. తోటకూర, గోంగూర మడి వేసుకుందాం."

9. తిండి మారితే మందు కూడా చూడాలి

నర్సమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది.

"బరువుకు మొత్తం తిండి లెక్క. షుగరుకు మాత్రం పిండి లెక్క కూడా కావాలి. అన్నం తినగానే అది రక్తంలో చక్కెరగా మారుతుంది. అందుకే షుగరు ఉన్నవాళ్లు అన్నం తగ్గించాల్సిందే. కానీ డాక్టరుకు చెప్పి తగ్గించాలి."

కొన్ని షుగరు బిళ్లలు, ఇన్సులిన్ సూదిమందు రక్తంలో చక్కెరను దించుతాయి. తిన్నా దించుతాయి. తినకపోయినా దించుతాయి. తిండి మానేసి ఆ మందు వేసుకుంటే చక్కెర మరీ పడిపోతుంది. రేవులో లక్ష్మమ్మకు జరిగింది అదే. ఇంకో రకం బిళ్లలు ఉన్నాయి. అవి వేసుకుంటూ అన్నం పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మీరు వాడేది ఏ రకమో డాక్టరుకే తెలుస్తుంది.

అలాగని ఎవరికి వారు బిళ్లలు మానేయకూడదు. అదీ ప్రమాదమే.

మర్నాడు నర్సమ్మ లక్ష్మమ్మను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది. ఆయన అంతా విన్నాడు. బిళ్ల మోతాదు తగ్గించాడు. రెండు వారాలకోసారి షుగరు చూపించుకోమన్నాడు.

10. ఆరు నెలల తర్వాత

మొదటి నెల లక్ష్మమ్మ బియ్యం 500 నుంచి 400 గ్రాములకు తగ్గించింది. రెండో నెల నుంచి 300 గ్రాములు. అది మూడు పూటలకు పంచుకుంది. పప్పు 40 గ్రాములు పెంచింది. రోజూ ఒక గుడ్డు. పళ్లెంలో సగం కూర, ఆకుకూర. టీలో చెంచా పంచదారే. ఇంటికి నెలకు మూడున్నర కిలోల నూనె.

ఇప్పుడు లెక్క చూద్దాం.

బియ్యం: 1050
పంచదార: 80
నూనె: 260
పెంచిన పప్పు, గుడ్డు, కూరలు: 255
మొత్తం: 1645 కేలరీలు

ఇదివరకు 2285. ఇప్పుడు 1645. రోజుకు 640 తగ్గాయి. అన్నం మానలేదు. ఆకలితో పడుకోలేదు.

సాయంత్రం కొట్టు దగ్గర మనవడిని కూర్చోబెట్టి కాలువ గట్టు మీద అరగంట నడుస్తోంది. సుబ్బమ్మ తోడు వస్తోంది.

బరువు వారంలో తగ్గలేదు. మొదటి నెల ఒక కిలోయే. మూడో నెలలో అసలు కదలలేదు. లక్ష్మమ్మకు విసుగు వచ్చింది. నర్సమ్మ ధైర్యం చెప్పింది. ఆరు నెలలకు 72 నుంచి 65 కిలోలకు వచ్చింది. షుగరు అదుపులో ఉంది. మోకాళ్ల నొప్పులు తగ్గాయి. ఒంటి మీద 1 కిలో తగ్గితే, నడిచేటప్పుడు అడుగడుగునా మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుంది. ఇది పరిశోధకులు కొలిచి చెప్పిన లెక్క.

అన్నిటికంటే పెద్ద మార్పు ఇంకొకటి. ఆ ఇంట్లో ఇప్పుడు నలుగురూ ఒకేసారి తింటున్నారు. పప్పు గిన్నె మధ్యలో ఉంటుంది.

గుర్తుంచుకోండి

• బరువు పెంచేది ఒక్క అన్నం కాదు. ఖర్చుకు మించిన తిండి ఏదైనా బరువు పెంచుతుంది.
• మన పళ్లెంలో అన్నం ఎక్కువ. అందుకే అన్నం తగ్గించాలి. పూర్తిగా మాననక్కర్లేదు.
• అన్నం తగ్గించిన చోట పప్పు, గుడ్డు, కూరగాయలు రావాలి. నూనె, పంచదార రాకూడదు.
• మొదటి వారంలో తగ్గే బరువులో చాలా భాగం నీరే.
• షుగరు మందు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా తిండి మానకూడదు.
• చెమట, వణుకు, కళ్లు తిరగడం ఉంటే చక్కెర పడిపోయిందేమో చూడాలి. తెలివి ఉంటే 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి.
• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, సన్నగా ఉన్నవాళ్లు తిండి తగ్గించకూడదు.

కొత్త మాటలు

కేలరీ: తిండిలోని శక్తిని కొలిచే కొలత
పిండి పదార్థాలు: అన్నం, రొట్టె, పంచదార లాంటివి
మాంసకృత్తులు: కండ పెంచే పదార్థాలు
పీచు: తిండిలో అరగని నార
గ్లైకోజెన్: ఒంట్లో దాచి ఉన్న పిండి పదార్థం

చెప్పండి

1. లక్ష్మమ్మ రేవులో ఎందుకు పడిపోయింది?
2. రత్తమ్మ కొర్రలు తిన్నా ఎందుకు బరువు తగ్గలేదు?
3. సుబ్బమ్మ అల్లుడు తగ్గిన బరువు ఎందుకు నిలవలేదు?
4. మీ ఇంట్లో ఆఖరున తినేది ఎవరు? వారి పళ్లెంలో ఏం మిగులుతుంది?

లెక్క కట్టండి

1. ఒకరు రోజుకు 3 టీలు తాగుతారు. ఒక్కో టీలో 2 చెంచాల పంచదార. చెంచాకు 20 కేలరీలు. మొత్తం ఎన్ని?
2. మీ ఇంట్లో నెలకు ఎన్ని గ్రాముల నూనె వాడతారు? దాన్ని 30తో భాగించండి. వచ్చినదాన్ని ఇంట్లో మనుషుల సంఖ్యతో భాగించండి. ఒక్కొక్కరికి రోజుకు 30 గ్రాములు దాటుతోందా?

చేసి చూడండి

టేపు తీసుకోండి. బొడ్డుకు కాస్త పైన నడుము చుట్టూ కొలవండి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. కొలత తేదీ వేసి మీ నోటు పుస్తకంలో రాసుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలవండి. మీ సంఘంలో అందరికీ ఈ పాఠం చదివి వినిపించండి.